చుక్కమ్మ గూటి తలుపు

చుక్కమ్మ అనే కోడిపెట్ట గూటి తలుపుని చెదలు తినేశాయి. లోపల ఆరు పిల్లలు, ఇంకా రెక్కలైనా రాలేదు. రేపు ఇంట్లోవాళ్ళంతా కలుపుతీతకి పోతారు, కుక్క కూడా వాళ్ళ వెంటే పోతుంది. ఆలోగా కొత్త తలుపు అమరకపోతే పిల్లలు దక్కవని చుక్కమ్మ భయం.

దొడ్డి వెనక రెండు దుంగలున్నాయి. ఒకటి గాలికి పడిన మునగ, ఇంకోటి నాగలికి కొట్టగా మిగిలిన తుమ్మ. ఏది వాడాలో తేలక చూస్తుంటే కంచె దగ్గర నక్కన్న ప్రత్యక్షమయ్యాడు. ఊరక రారు మహాత్ములు.

"నీ కష్టం చూడలేక వచ్చాను చెల్లెమ్మా" అన్నాడు, తల వంచుకుని. నక్క వినయమంటే అదే మరి.

"తలుపుకి ఏ కర్ర మంచిదన్నా?"

"మునగే. తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. పైన పువ్వులు కూడా చెక్కించుకోవచ్చు. తుమ్మంటావా, అది రాయి. మీద పడితే పిల్లలేమైపోతారో ఆలోచించు."

పువ్వులనేసరికి చుక్కమ్మ మెత్తబడింది. తన తలుపు నలుగురూ చూడాలని ఏ ఇల్లాలికి ఉండదు చెప్పండి. "నీ మాట మరిచిపోనన్నా" అని అతన్ని పంపేసి, చెక్కడానికి వడ్రంగిపిట్ట తాతని పిలుచుకొచ్చింది.

తాత మునగని ఒక్క పోటు పొడిచాడు. ముక్కు మొదలంటా దిగింది. తుమ్మ చేవని నాలుగు పోట్లు పొడిచి, ముక్కు రుద్దుకుంటూ కూలబడ్డాడు.

"మునగ వేయమని ఎవరు చెప్పారే నీకు?"

"నక్కన్న."

"వాడి పళ్ళు ఎప్పుడైనా చూశావా?"

చుక్కమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. "అయితే పువ్వులొద్దులే తాతా" అంది చిన్నబుచ్చుకుని.

"ఎందుకొద్దు? పువ్వులకి మునగ, పళ్ళకి తుమ్మ. రెండూ వేస్తా."

మర్నాడు మధ్యాహ్నం, దొడ్డి ఖాళీ అయ్యాక నక్కన్న వచ్చాడు. తలుపు మీద తెల్లటి మునగ పలక, దాని నిండా పువ్వులు. పిచ్చి కోడి, చెప్పినట్టే చేసిందనుకుని, మూతి నాకి, బలం కొద్దీ కొరికాడు. పలక పటుక్కుమంది. దాని వెనకున్న తుమ్మ చేవలో రెండు పళ్ళు ఇరుక్కుపోయాయి.

"మునగ రుచి ఎలా ఉందన్నా?" లోపల్నుంచి అడిగింది చుక్కమ్మ. "నీ మాట మరిచిపోలేదు, కాస్త పైపైన వేయించాను."

అరిస్తే పొలంలోని కుక్క వస్తుంది. తేలు కుట్టిన దొంగలా నోరెత్తకుండా గింజుకుని, ఆ రెండు పళ్ళూ తలుపుకే వదిలేసి కంచె దూకాడు నక్కన్న. చుక్కమ్మ వాటిని తీయించలేదు. పువ్వుల మధ్య బాగానే ఉన్నాయట.

కర్ర గట్టిదనం కొరకాలని చూసేవాణ్ణి అడక్కు, పొడవలేక ముక్కు రుద్దుకున్నవాణ్ణి అడుగు.