రెండో ముద్ద

నాకు ఆకలి పోయింది.

ఈ మాట మామూలు మనిషి చెబితే జీలకర్ర కషాయం తాగమంటారు. చెప్పింది నేను. నలభై మూడు దేశాల్లో, పేరు మోసిన ప్రతి రెస్టారెంట్‌లో, కిటికీ పక్క టేబుల్ మీద తిన్నవాణ్ణి. పారిస్‌లో నేను చెంచా కింద పెడితే వంటగదిలో ఆరుగురు ఊపిరి బిగబట్టేవారు. జపానులో ఓ చేపముక్క నాలుక మీద పెట్టుకుని, ఈ చేప బతికున్నప్పుడు దిగులుగా ఉండేదని చెప్పాను. వంటవాడు కత్తి పక్కన పెట్టి ఏడ్చాడు. ప్రాణముంటే చేప కూడా ఏడ్చేది.

అలాంటి నా నాలుకకు రెండేళ్ళుగా ఏదీ రుచించడం లేదు. ఉప్పు ఎంతో, పులుపు ఎంతో, మిరపకాయ ఏ ఊరిదో, అన్నీ చెప్పగలను. మింగబుద్ధి కాదు. డాక్టర్లు గొంతులోంచి పొట్టదాకా కెమెరా దింపి, లోపల అంతా శుభ్రంగా ఉందన్నారు. చొక్కాలు వదులయ్యాయి. మా ఆవిడ సుగుణ, "ఇన్నేళ్ళూ నా వంటకి వంకలు పెట్టారు, ఇప్పుడు వంక కూడా పెట్టడం లేదు," అని దిగులుపడింది.

చివరికి మా గురువు దగ్గరికి వెళ్ళాను.

మా గురువు కంబళి తాత. ఉరవకొండ పక్కన ఓ గుట్ట మీద ఆయన మఠం. ఎండైనా వానైనా ఒకటే నల్లకంబళి. మాటలు తక్కువ. ముప్ఫై ఏళ్ళుగా నేను ఆయన శిష్యుణ్ణి. శిష్యులందరిలోకీ నేనే గొప్పవాణ్ణని ఆయన ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

నా బాధ గంటసేపు చెప్పాను. నా నాలుక ఎంత ఎత్తుకు ఎదిగిందంటే దానికి తగ్గ వంట ఈ భూమ్మీదే లేకుండా పోయిందని, ఇది అసలు జబ్బు కాదేమో, ఒక స్థాయేమో అని కూడా చెప్పాను. తాత జొన్నరొట్టె తుంచుకుని తింటూ విన్నారు.

"నువ్వు పొయ్యే చోట్లల్లో మనకు దగ్గరగా ఉండేది ఏదిరా?" అన్నారు.

బెంగళూరులో 'కణ' అని ఒకటుందని చెప్పాను.

"పోదాం పద."

కణ గురించి చెప్పాలి. దాని షెఫ్ హంపన్న. పుట్టింది రాయదుర్గం పక్కన, వంట నేర్చుకున్నది పన్నెండేళ్ళు విదేశాల్లో. పూటకు పదకొండు వంటకాలు, ఒక్కోటి ఒక్క ముద్ద. ఆరు నెలల ముందు బుక్ చేసుకుంటే గానీ కుర్చీ దొరకదు. నేను ఫోన్ చేస్తే మాత్రం మంత్రినైనా లేపి చోటిస్తారు. ఆ రోజు ఎవరో రాలేమని చెప్పడం వల్ల మధ్యాహ్నానికి రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. వాళ్ళలో ఒకరు మంత్రే అయి ఉండాలి.

ఇంకో సంగతి. అక్కడ ప్రతి మెనూ కార్డు మీదా పైన ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది. 'రెండో ముద్ద మొదటి ముద్దను చంపుతుంది.' ఆ వాక్యం నాది. పదిహేనేళ్ళ కిందట ఓ పత్రికకు రాశాను. హంపన్న దాన్ని చదివి, కళ్ళకద్దుకుని, ఆ ఒక్క మాట మీదే రెస్టారెంట్ పెట్టాడు. అక్కడ ఏదీ రెండోసారి వడ్డించరు. నేనూ ఆ మాట రాసిన రోజు నుంచి ఎక్కడైనా, ఏదైనా, ఒక్క ముద్దే. ఇంట్లో ఉప్మా అయినా సరే.

గుమ్మం దగ్గర కోటు వేసుకున్న మనిషి కంబళిని చూసి మమ్మల్ని ఆపాడు. నా పేరు చెప్పాను. అతను జాబితాలో వెతికాడు. మళ్ళీ చెప్పాను, గొంతు కొంచెం పెంచి. సరిగ్గా అప్పుడే హంపన్న బయటికొచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు కాబట్టి ఆ మనిషి ఉద్యోగం నిలబడింది.

తాత చేతులు కడుక్కొచ్చి, మెత్తటి కుర్చీలో కాళ్ళు మడుచుకుని బాసింపట్టు వేసుకున్నారు. ముందున్న చెంచాలూ ఫోర్కులూ అన్నీ పోగుచేసి ఓ మూలకు జరిపారు.

మొదటి వంటకం పొగ. గాజుమూత తీస్తే పొగ లేచింది. పొగ పోయాక అడుగున ఒక బఠాణీ గింజ. తాత పొగంతా పోయేదాకా ఓపిగ్గా చూసి, గింజ నోట్లో వేసుకుని, అన్నం ఎప్పుడొస్తుందని మెల్లగా అడిగారు. రాదని చెప్పాను.

ఆరో వంటకం దాకా ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తాతకు విడమరిచి చెప్పాను. ఈ నువ్వులు కళ్యాణదుర్గం వైపువి. ఈ నెయ్యి కాచినవాడికి ఆ రోజు మనసు బాగాలేదు. చెప్పిందంతా పుస్తకంలో రాసుకున్నాను, నాలుగు పేజీలు. మింగడానికి మాత్రం ప్రతిసారీ నీళ్ళు తాగాల్సి వచ్చింది. తాత వంటకాలను కాదు, నా నీళ్ళ గ్లాసును చూస్తున్నారు.

ఏడోది వచ్చింది. నల్లరాయి మీద గోళీకాయంత రాగిసంగటి, పైన చింతచిగురు పప్పు ఒక్క బొట్టు. దాని పేరు 'మట్టి జ్ఞాపకం' అని చెప్పి, తినేముందు ఒక నిమిషం మా బాల్యాన్ని తలుచుకోమన్నాడు వడ్డించే అతను.

తాత ఏమీ తలుచుకోలేదు. ఠక్కున మింగారు. వేళ్ళు నాకారు. రాయి కూడా నాకుతారేమోనని టేబుల్ కింద ఆయన కంబళి చెంగు పట్టుకున్నాను. ఆయన వడ్డించే అతని వైపు తిరిగారు.

"ఇంకొంచెం పెట్టప్పా."

చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది. హిమాలయాల్లో మంచుచరియ కింద మూడు రోజులు గడిపినవాణ్ణి నేను. నాకప్పుడు కూడా అంత చలి వేయలేదు. వడ్డించే అతను వినయంగా కార్డు మీది వాక్యం చూపించాడు. తాత తనకు చదువు రాదన్నారు. అందులో ఏముందో చదవమని నాకే ఇచ్చారు.

చదివాను.

"ఎవరు రాసిందిరా?"

"నేనే తాతా."

"ఆకలి మీద రాసినావా, తిన్నాక రాసినావా?"

అది రాసింది విమానంలో. ఆ రోజు మూడు విందులు తిని, బెల్టు వదులు చేసుకుని రాశాను.

ఇంతలో హంపన్న వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఏమైనా పొరపాటు జరిగిందా అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఏం లేదప్పా," అన్నారు తాత. "బాగుండాది. ఇంకో ముద్ద ఉంటే పెట్టు."

కణ పెట్టిన ఏడేళ్ళుగా జనం హంపన్న వంటను ఎలా చేశావని అడిగారు, ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు, ఫొటో తీసుకోవచ్చా అని అడిగారు. ఇంకొంచెం పెట్టమని అడిగినవాళ్ళు లేరు. ఇది అతనే నాకు తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఇంగ్లీషు ఎటో పోయి, రాయదుర్గం బయటికొచ్చింది.

"ఎంత కావల్ల తాతా?"

సంగటి గిన్నె, పప్పు గిన్నె తనే మోసుకొచ్చాడు. రాయి తీసేసి పళ్ళెం పెట్టాడు. పిడికిలంత ముద్ద వేశాడు. తాత మధ్యలో గుంట చేసి పప్పు పోయించుకున్నారు. ఆ ముద్ద అయ్యాక ఇంకో ముద్ద. పక్క టేబుల్ నుంచి మెడ నిండా నగలున్న ఓ ఆవిడ లేచొచ్చి, తనకూ కాస్త అని పళ్ళెం చాపింది. తర్వాత నీలం సూటాయన. ఆ వెనక గుమ్మం దగ్గరి కోటు మనిషి. నేను అబద్ధం చెప్పను, సగం బెంగళూరు ఆ గిన్నె చుట్టూ నిలబడింది.

నేను మాత్రం పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. నా గోళీకాయ ఇంకా రాయి మీదే ఉంది. దాని గురించి అరపేజీ అప్పటికే రాసేశాను. తాత చేయి చాచి దాన్ని కూడా తీసి నోట్లో వేసుకున్నారు.

"నువ్వు రాసేసినావు గదా," అన్నారు.

అప్పుడు తగిలింది వాసన. వేడి సంగటి, చింతచిగురు, ఎండుమిర్చి తాలింపు. నా నోట్లో ఏదో తడిగా ఊరింది. పన్ను కదిలి రక్తం కారుతోందేమోనని వేలు పెట్టి చూసుకున్నాను. రక్తం కాదు. రెండేళ్ళయింది కదా, గుర్తుపట్టలేదు.

"హంపన్నా," అన్నాను. పదిహేనేళ్ళుగా ఎవరినీ అడగని మాట అడిగాను. "నాకూ కొంచెం."

హంపన్న గిన్నె వంచి చూపించాడు. అయిపోయింది. అడుగున మాడు మాత్రం అంటుకుని ఉంది. మీలాంటివారికి అది పెట్టలేనంటూ గిన్నె తీసుకెళ్ళబోయాడు. తాత గిన్నె పట్టుకుని ఆపి, మూలకు జరిపిన చెంచాల్లోంచి ఒకటి తీసి నా చేతికిచ్చారు.

గీకాను. ఆ చప్పుడు వీధిలోకి వినిపించింది. చేదుగా, కరకరలాడుతూ, అక్కడక్కడా పప్పు తగులుతూ. నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. పుస్తకం ఏ టేబుల్ కింద పడిందో ఈ రోజుకీ తెలియదు. ఆ గిన్నెను ఆ పూట తోమాల్సిన పని పడలేదని హంపన్నే అందరికీ చెబుతుంటాడు, నేను కాదు.

"ఇంకొంచెం ఉందా?" అన్నాను.

లేదన్నాడు హంపన్న.

మిగిలిన నాలుగు వంటకాల కోసం ఆగకుండా తాత లేచి కంబళి దులుపుకున్నారు.

"లేదంట గదా," అన్నారు. "ఆ లేనిదాన్నే జాగర్తగా ఇంటికి తీసకపో."

కారులో నేను ఒక్క మాట మాట్లాడలేదు. నన్నెరిగినవాళ్ళు ఇది నమ్మరు. ఈ కథలో మిగతాదంతా సగానికి సగం తగ్గించుకోండి, ఇది మాత్రం ఉన్నదున్నట్టు. పెనుకొండ దాటాక, ఎండ వాలుతుండగా, ఇక ఉండబట్టలేక అన్నాను.

"తాతా, ఆకలేస్తాంది."

కంబళి లోపలినుంచి గురక వినిపించింది.