చిరుత తొడుగు అరువిచ్చిన చలికాలం

ఒకప్పుడు జంతువుల ఒంటిమీది తొడుగు ఊడి వచ్చేది. మనం చొక్కా విప్పినట్టే అవీ విప్పుకునేవి. ఎండలు మండితే ఎలుగుబంటి తన నల్ల తొడుగు విప్పి కొమ్మకు తగిలించేది. దుప్పి తన తొడుగును వాగులో జాడించి రాతిమీద ఆరేసుకునేది. చలి మొదలవగానే ఎవరి తొడుగు వాళ్లు మళ్లీ వేసుకునేవాళ్లు.

ఆ రోజుల్లో మనుషుల ఒళ్లు మాత్రం గుమ్మడికాయ మీద చెయ్యి వేసినట్టు నున్నగా ఉండేది. చలేస్తే వణికేవాళ్లు, మంట దగ్గరకు చేరేవాళ్లు, అంతే. ఒంటిమీద ఏమీ లేచేది కాదు.

అడవిలో అందరి తొడుగులకంటే చిరుత తొడుగు బాగుండేది. పండిన వరిచేను రంగు మీద నల్లని పువ్వులు గుత్తులు గుత్తులుగా పూసినట్టు ఉండేది. చూడ్డానికే కాదు, వెచ్చదనానికీ దానికి సాటి లేదు.

ఆ కొండ కింద ఊళ్లో నూకాలు అనే పిల్ల ఉండేది. పెళ్లీడుకొచ్చిన పిల్ల. అమ్మా నాన్నా పోయాక అన్న ఇంట్లో ఉండేది. పొద్దున్నే మేకల్ని కొండకు తోలుకెళ్లేది, సాయంత్రం తోలుకొచ్చేది. ఆమె కట్టుకునేది వదిన గౌరమ్మ కట్టి విడిచిన బూడిదరంగు కోక. ఆ కోకా ఇంటి గోడా ఒకటే రంగు. గోడకు ఆనుకుని నిలబడితే ఆమె ఎవరికీ కనబడేది కాదు. అందరికీ వడ్డించి, నూకాలు సంగతి మరిచిపోయి, గౌరమ్మ కుండ కడిగేసిన రోజులు ఉన్నాయి.

చిరుతకు మాత్రం నూకాలు కనబడేది.

వాళ్లిద్దరికీ ఒక ఒప్పందం ఉంది. చిరుత వేటకు వెళ్లినప్పుడు దాని రెండు కూనల్నీ నూకాలు చూసుకునేది. చిరుత ఆమె మేకల జోలికి వచ్చేది కాదు. మొదట ఒప్పందం, తర్వాత స్నేహం. నూకాలు చిరుతను అక్కా అని పిలిచేది. కూనలు ఆమెను పిన్నీ అని పిలిచేవి. ఆమె కొంగులో దూరి నిద్రపోయేవి.

ఒక చలికాలం మొదట్లో చుట్టుపక్కల కొండల వాళ్లందరూ నూకాలు ఊళ్లో ఆట పెట్టుకున్నారు. మంటలు వేసి, డప్పులు కొట్టి, చేతులు పట్టుకుని ఆడే ఆట. ఆ రోజు మధ్యాహ్నం నూకాలు చిరుత గుహ దగ్గరికి వచ్చి దిగులుగా కూర్చుంది.

"ఏమైంది?" అంది చిరుత.

"అక్కా, నిరుడు ఆటలో నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. వద్దని కాదు. నేను అక్కడ ఉన్నానని ఎవరికీ తెలియలేదు." నూకాలు నేలమీద పుల్లతో గీతలు గీస్తూ అంది. "నీ తొడుగు ఒక్క సాయంత్రం ఇస్తావా? పొద్దు పొడవకముందే తెచ్చేస్తాను."

చిరుత గుహలోకి చూసింది. కూనలు ఇంకా చిన్నవే. వాటి ఒంటిమీద ఇంకా సరిగ్గా బొచ్చు రాలేదు. అమ్మ తొడుగులోనే అవి వెచ్చగా ఉండేవి. చిరుత తల పైకెత్తి ఆకాశం చూసింది. మబ్బు పట్టి ఉంది. మబ్బు ఉన్న రాత్రి చలి తక్కువగా ఉంటుంది.

"ఈ ఒక్క రాత్రికి ఎలాగో సర్దుకుంటాం," అంది చిరుత. "పొద్దున్నే తేవాలి మరి."

తొడుగు విప్పి ఇచ్చింది. అది లేకపోతే చిరుత ఎంత చిన్నగా ఉందో నూకాలు మొదటిసారి చూసింది. పలచటి చర్మం, కింద ఎముకలు.

నూకాలు తొడుగు కప్పుకుని, మెడలో ఎర్రపూసల దండ వేసుకుని, తలలో బంతిపూలు పెట్టుకుంది. చిరుత తల అడ్డంగా ఊపింది.

"పూసలు తియ్యి. పూలూ తియ్యి. చుక్కలు ఉన్నచోట ఇంకేమీ ఉండకూడదు. నీ బూడిద కోకే దీనికి సరైన జోడు. కోక సాదాగా ఉంటే చుక్కలు మాట్లాడతాయి. తోకను ఎడమ భుజం మీంచి వెనక్కి వదులు. ఇప్పుడు మెల్లగా నడువు. తొందరపడితే తొడుగు మోస్తున్నట్టు ఉంటుంది. మెల్లగా నడిస్తే నీదే అనిపిస్తుంది."

నూకాలు గుహ ముందు మెల్లగా నడిచింది. కూనలు నోళ్లు తెరుచుకుని చూశాయి.

ఆ సాయంత్రం నూకాలు మంటల వెలుగులోకి రాగానే డప్పులు ఒక్క క్షణం ఆగాయి. ఆడవాళ్లు దగ్గరికొచ్చి తొడుగు అంచు పట్టుకుని చూశారు. ఎవరమ్మా నువ్వు అని సొంత ఊరివాళ్లే అడిగారు. గౌరమ్మ జరిగి మంట దగ్గర చోటిచ్చింది. ఎదురు కొండ నుంచి వచ్చిన జోగయ్య అనే కుర్రవాడు ఆమె చెయ్యి పట్టుకుని ఆడాడు. అతను మంచి ఆటగాడు. ఆడినంతసేపూ ఆ చుక్కల తొడుగునే చూశాడు.

"రేపు కూడా ఇక్కడే ఆట," అన్నాడు చివర్లో. "వస్తావు కదూ?"

"వస్తాను," అంది నూకాలు.

తెల్లవారింది. నూకాలు తొడుగు తీసుకుని కొండదారి పట్టింది. సగం దూరం వెళ్లి ఆగింది. ఇవాళ ఇచ్చేస్తే సాయంత్రానికి మళ్లీ బూడిద కోక ఒక్కటే మిగులుతుంది. జోగయ్య ఆమె పక్కనుంచే వెళ్లిపోయి, చుక్కల తొడుగు పిల్ల ఏది అని అందరినీ అడుగుతాడు. ఇంకొక్క రోజేగా అనుకుంది. వెనక్కి తిరిగింది.

ఆ రోజు మబ్బు విడిపోయింది. మధ్యాహ్నం నుంచే గాలి కొరకడం మొదలుపెట్టింది. చిరుత గుహ ముందు నిలబడి దారివైపు చూసింది. చూసి చూసి అడవికోడిని పిలిచి పంపింది.

అడవికోడి ఎగురుకుంటూ ఊళ్లోకి వచ్చింది. నూకాలు దడి పక్కన తొడుగు దులుపుతోంది.

"మీ అక్క తొడుగు తెమ్మంటోంది. పిల్లలు వణుకుతున్నాయి."

"రేపు పొద్దున్నే వస్తానని చెప్పు," అంది నూకాలు, కోడి వైపు చూడకుండా.

"పిల్లలు వణుకుతున్నాయి," అని కోడి మళ్లీ అంది.

"చెప్పాను కదా. పొద్దున్నే."

కోడి వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా కొండమీద మంచు దిగింది. తెల్లగా, చప్పుడు లేకుండా గుహ ముందుకొచ్చి ఆగింది. మంచు ఎప్పుడూ అడిగే లోపలికి వస్తుంది.

"రావచ్చా?" అంది.

"రావద్దు," అంది చిరుత. తన బోసి ఒంటితో పిల్లల్ని చుట్టుకుని పడుకుని ఉంది. "నా ఒంటిమీద తొడుగు లేదు. నువ్వొస్తే వీళ్లు తట్టుకోలేరు."

మంచుకు జాలేసింది. "నావల్ల అయినంతసేపు ఆగుతాను. కానీ వెనకనుంచి గాలి తోస్తోంది. తొందరగా వెళ్లి నీ తొడుగు తెచ్చుకో."

చిరుత కూనల్ని ఎండుటాకుల్లో కప్పింది. "కదలకండి. పిన్నిని తీసుకొస్తాను," అని చెప్పి కొండ దిగి పరుగెత్తింది.

ఊరి మధ్య మంటలు మండుతున్నాయి. ఆట మొదలైంది. చిరుత వెలుగు అంచుకు వచ్చి నిలబడింది. తొడుగు లేని చిరుతను మనుషులు ఎప్పుడూ చూడలేదు. తడిసిన చర్మం, పొడుచుకొచ్చిన ఎముకలు, మెరిసే కళ్లు. ఎవరో పిశాచం అని అరిచారు. పిల్లలు ఏడ్చారు. మగవాళ్లు మంటలోంచి కొరివికట్టెలు లాగారు.

గుంపు మధ్యలో నూకాలు నిలబడి ఉంది. ఒంటిమీద చుక్కల తొడుగు, ఎడమ భుజం మీంచి వేలాడే తోక. పక్కన జోగయ్య.

చిరుత ఆమెనే చూసింది. నూకాలు అని పిలవలేదు. పిలిస్తే ఊరంతా ఆమె మీద పడుతుందని అనుకుందో ఏమో. చూస్తూ నిలబడింది, అంతే.

"ఏమిటది?" అని జోగయ్య నూకాలును అడిగాడు. "మీ కొండమీదిదేనా? నువ్వెప్పుడైనా చూశావా?"

నూకాలు నోరు తెరిచింది. అది మా అక్క అని చెప్పాలి. ఇది ఆమె తొడుగు అని చెప్పాలి. విప్పి ఇవ్వాలి. ఇంతమంది ముందు విప్పితే కింద మిగిలేది గోడరంగు కోక.

"నాకు తెలియదు," అంది.

మొదటి కొరివి చిరుత వీపుకు తగిలింది. రెండోది కాళ్ల దగ్గర పడింది. చిరుత వెనక్కి తిరిగి చీకట్లోకి వెళ్లిపోయింది.

మళ్లీ డప్పులు మోగాయి. జోగయ్య చెయ్యి చాపాడు. నూకాలు ఆ చెయ్యి పట్టుకుంది కానీ కాళ్లు ఆడలేదు. ఒంటిమీది తొడుగు అంత వెచ్చగా ఉన్నా లోపల ఎక్కడో వణుకు మొదలైంది. ఆమె చెయ్యి విడిపించుకుని కొండమీదికి పరుగెత్తింది. దారి పొడవునా పడుతూ లేస్తూ పరుగెత్తింది. అక్కా, తెస్తున్నాను, తెస్తున్నాను అని గొణుక్కుంటూ పరుగెత్తింది.

చీకట్లో దారి తప్పి తిరిగి తిరిగి గుహ చేరేసరికి తూరుపు తెల్లబడింది. మంచు గుహలోంచి బయటికి వస్తోంది.

"ఆగుదామనే చూశాను," అంది మంచు. "గాలి తోసేసింది." అంటూ గడ్డిమీద పడి నీళ్లైపోయింది.

నూకాలు లోపలికి వెళ్లింది. చిరుత కూర్చుని ఉంది. ముందు ఎండుటాకుల్లో రెండు కూనలు ఒకదాన్నొకటి కరుచుకుని పడుకుని ఉన్నాయి. నూకాలు తొడుగు విప్పి గబగబా వాటిమీద కప్పింది. చేతులతో రుద్దింది. నోటితో ఊదింది. అమ్మలూ, పిన్నిని వచ్చాను, లేవండి అంది. వాటి ఒళ్లు రాళ్లలా ఉన్నాయి.

"చాలు," అంది చిరుత.

ఆ గొంతు నూకాలు గుర్తుపట్టలేకపోయింది. చలి చిరుత గుండెల్లో చేరి గొంతును కోసేసింది. మాట మాటకీ రంపంతో కట్టె కోస్తున్నట్టు దగ్గొస్తోంది.

"నన్ను చంపెయ్యి అక్కా," అంది నూకాలు. "నీకు పుణ్యముంటుంది. నన్ను తినెయ్యి."

"నిన్ను తింటే వీళ్లు లేస్తారా?" చిరుత దగ్గింది. చాలాసేపు దగ్గింది. "చివరిదాకా నీ గురించే అడిగాయట. పిన్ని ఇంకా రాలేదేమని. మంచు చెప్పింది."

నూకాలు నేలమీద పడి ఏడ్చింది. చిరుత ఆమెను ఓదార్చలేదు, తిట్టలేదు. కూనలమీంచి తొడుగు మెల్లగా తీసింది. తను వేసుకుంది. మెడ నుంచి కాళ్లదాకా బిగించుకుంది.

"ఇక దీన్ని విప్పను. ఎంత ఎండ కాసినా విప్పను."

అంటూ బయటికి నడిచింది. ఎటు వెళ్తున్నావని నూకాలు అడిగితే జవాబు చెప్పలేదు. ఆ మాటే కాదు, ఆ రోజు తర్వాత చిరుత మనుషులతో ఏ మాటా మాట్లాడలేదు. తొడుగు దాని ఒంటికి అతుక్కుపోయింది. సంగతి తెలిసి ఎలుగుబంటి, దుప్పి, కుందేలు, అందరూ తమ తొడుగులు గట్టిగా బిగించుకున్నారు. అవీ అతుక్కుపోయాయి. వాళ్లూ మనుషులతో మాటలు మానేశారు.

నూకాలు గుహలో ఒక్కతే కూర్చుంది. వెచ్చని తొడుగులోంచి ఒక్కసారిగా బయటపడ్డ ఒంటికి చలిగాలి తగిలింది. చేతులమీద ఏదో గరగరలాడింది. చూసుకుంటే నున్నటి చర్మం మీద చిన్న చిన్న చుక్కలు లేచాయి. చేతులనిండా, మెడనిండా, వీపునిండా చుక్కలే. రుద్దింది. పోలేదు. గోళ్లతో గీకింది. పోలేదు. చాలాసేపటికి వాటంతట అవే అణిగాయి.

రెండు కూనలనీ గుహలోనే పూడ్చి, బూడిద కోక చుట్టుకుని కొండ దిగింది. దారిలో జోగయ్య ఎదురుపడ్డాడు. రాత్రి ఆటలో చుక్కల తొడుగు వేసుకున్న అమ్మాయిని చూశావా అని ఆమెనే అడిగాడు. చూడలేదంది. అతను ముందుకు వెళ్లిపోయాడు.

తర్వాత నూకాలుకు వేరే చోట పెళ్లయింది, పిల్లలు పుట్టారు. పుట్టిన ప్రతి బిడ్డ ఒంటినీ ఆమె చలిగాలి తగలగానే భయపడుతూ తడిమి చూసేది. ప్రతి బిడ్డకూ చుక్కలు లేచేవి, ఆ బిడ్డల పిల్లలకూ లేచేవి. చలికాలం రాగానే ఆమె ఆ గుహ ముందు మంట వేసి, తలుపు లేని ఆ రాతి ఇంట్లోకి చూస్తూ కూర్చునేది. అక్కా అని పిలిచేది. ఏ ఏడూ ఎవరూ రాలేదు. ఎక్కడో దూరంగా, చెట్ల వెనక, రంపం కోసినట్టు దగ్గు మాత్రం వినబడేది. ముసలిదై చనిపోయే చలికాలం దాకా ఆమె అలాగే కూర్చుంది.

అప్పటినుంచే చిరుత పులిలా గాండ్రించదు, కట్టె కోసినట్టు దగ్గుతుంది, ఒంటరిగా తిరుగుతుంది, మంట కనబడితే తప్పుకుపోతుంది. అప్పటినుంచే మనకు చలిగాలి తగిలితే ఒంటినిండా చుక్కలు లేస్తాయి. చెట్ల వెనక ఆ దగ్గు వినబడితే, చలి లేకపోయినా లేస్తాయి.