పళ్ళెం మీద పాదం

సముద్రం ఒడ్డునున్న ఒక విశ్వవిద్యాలయంలో వకుళ అనే అమ్మాయి కూచిపూడి నాట్యంలో డిగ్రీ చదువుతుండేది; నాట్యంలో ఆమెకు సాటి లేదు గానీ, తన వంతు అయిపోయాక ఇంకొకరి నాట్యం చూసే అలవాటు మాత్రం ఆమెకు బొత్తిగా లేదు.

మిగతా అమ్మాయిలు గోడవారగా కూర్చుని ఒకరి అడుగులు ఒకరు చూస్తుండేవారు. వకుళ హాలు చివరనున్న నిలువుటద్దం ముందుకు పోయి తనను తాను చూసుకునేది. ఆ అద్దానికి కూడా ఎప్పుడో విసుగు పుట్టే ఉంటుంది, నోరు లేదు కనుక ఊరుకుంది.

"వకుళా, ఇలా వచ్చి కూర్చో. రత్నం పళ్ళెం ఎక్కుతోంది, చూడు," అనేవారు గురువు భ్రమరాంబ గారు.

"నాకు తరంగం వచ్చు కదండీ," అనేది వకుళ.

"నీకు వచ్చు. రత్నానికి ఎలా వచ్చో నీకు తెలియదు."

తరంగమంటే ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, కాలివేళ్ళతో దాన్ని పట్టి జరుపుకుంటూ ఆడే నాట్యం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, పళ్ళెం జారిందంటే చీలమండ బెణకడం ఖాయం. ఎదురుగా కూర్చుని చేతితాళాలు వాయిస్తూ జతులు, అంటే అడుగులు నడిపే తకధిమి మాటలు, చెప్పేవారి మీదే ఆడేవారి ప్రాణమంతా ఉంటుంది. ఆ పనిని నట్టువాంగం అంటారు. చివరి ఏడాది పరీక్షలో ప్రతి విద్యార్థీ తాను ఆడటమే కాక, ఇంకొకరికి నట్టువాంగం కూడా చేయాలి. ఎవరికి ఎవరు చేయాలన్నది పరీక్ష రోజునే చెబుతారు. అందుకే అందరూ అందరి కాళ్ళూ చూసేవారు.

వకుళకు ఇదంతా చాదస్తంగా తోచేది. "ఆదితాళం ఎవరికైనా ఆదితాళమే కదండీ," అని నవ్వేది.

"తాళం ఒకటే. కాళ్ళు వేరు," అనేవారు భ్రమరాంబ గారు.

ఆ చివరి ఏడాది వకుళకు గెలవక తప్పని ఏడాది. ఆమె తండ్రికి ఈ చదువు మొదటినుంచీ ఇష్టం లేదు. "డాన్సులో డిగ్రీ ఏమిటమ్మా, పదిమందీ నవ్వుతారు," అన్నాడు. ఆమె అలిగి, అన్నం మానేసి ఒప్పించింది. అప్పుడాయన ఒక షరతు పెట్టాడు. డిగ్రీ పూర్తయ్యేసరికి నాట్యంలోనే ఉద్యోగం రావాలి, లేకపోతే నోరు మూసుకుని బ్యాంకు పరీక్షలకు చదవాలి. అదృష్టవశాత్తూ విభాగంలో కొత్త పిల్లలకు నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. పరీక్షలో మొదట నిలిచినవారికే అది. వకుళదే ఆ ఉద్యోగమని అందరూ అనుకున్నారు. వకుళ అయితే అందరికంటే ముందే అనుకుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చాడు. ఆయన ముందు విభాగం గురువులు నోరు విప్పకూడదని నియమం. భ్రమరాంబ గారు ఒక పక్కన కుర్చీలో కూర్చున్నారు.

"నూకరత్నం తరంగం ఆడుతుంది. వకుళ నట్టువాంగం చేస్తుంది. తర్వాత వకుళ ఆడితే నూకరత్నం చేస్తుంది," అన్నాడు పరీక్షకుడు.

తరగతిలో అందరూ రత్నమని పిలిచే ఆ అమ్మాయి వకుళ వైపు చూసి చిన్నగా నవ్వింది. వకుళ తాళాలు అందుకుంది.

రత్నానికి మొదటి ఏడాదిలోనే ఎడమ చీలమండ బెణికింది. అప్పటినుంచీ పళ్ళెం ఎక్కగానే ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు తిరిగేవరకూ, అలా నిలబడి వేళ్ళు సర్దుకునేది. కుదురుకున్నాక గడ్డం కాస్త పైకెత్తేది. అదే ఆమె సిద్ధమైన గుర్తు. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు. మృదంగం వాయించే ఆయనకూ తెలుసు. అద్దం ముందు నిలబడ్డవాళ్ళకు మాత్రం తెలియదు.

పాట సగానికి వచ్చింది. రత్నం పళ్ళెం ఎక్కింది. వకుళ ఎక్కీ ఎక్కగానే పరుగెత్తించే రకం. తనకెలా బాగుంటుందో అలాగే వెంటనే జతి ఎత్తుకుంది. మృదంగం ఆయన ఆమె వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. ఈయన వేళ్ళు సాగడం లేదు కాబోలు అనుకుని వకుళ ఇంకా వేగం పెంచింది.

రత్నం అందుకోవాలని చూసింది. వేళ్ళింకా పళ్ళాన్ని పట్టలేదు. ఒక అడుగు కలిసింది, రెండోది తప్పింది. పళ్ళెం గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. రత్నం ఎడమకాలి మీద పడింది.

రత్నం చీలమండ చూస్తూ ఉండగానే వాచింది.

"ఏమైందమ్మా?" అన్నాడు పరీక్షకుడు.

ఆడలేక మద్దెల ఓడన్నదని అనుకుంటారని రత్నం ఒక్క క్షణం ఆలోచించింది. "కాలు జారిందండి," అంది.

"పళ్ళెం భాగం పూర్తికాకపోతే మార్కులు ఇవ్వడం కుదరదు. మళ్ళీ వచ్చే ఏడాదే," అన్నాడాయన.

భ్రమరాంబ గారు వకుళ వైపు చూశారు. వకుళ తల దించుకుంది. తప్పు తనదేనని ఆమెకు అప్పటికే అర్థమైంది. కానీ చెబితే తన మార్కులు పోతాయి, మార్కులు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే నాట్యమే పోతుంది. చేతిలోని తాళాలు రత్నం పక్కన పెట్టి లేచింది.

"కూర్చుని తాళాలు పట్టగలవా?" అని పరీక్షకుడు రత్నాన్ని అడిగాడు.

"పడతానండి."

ఇప్పుడు తాళాలు రత్నం చేతిలో ఉన్నాయి. పళ్ళెం వకుళ ముందుంది.

వకుళ పాట మొదటి భాగం ఎలా ఆడిందో ఆమెకే తెలియదు. మనసంతా ఆ పళ్ళెం మీదే ఉంది. తాను చేసినట్టే రత్నమూ జతి ముందే ఎత్తుకుంటే? అడిగేవాడెవడు, చూసేవాడెవడు? పళ్ళెం ఎక్కింది. జీవితంలో మొదటిసారి ఆమె కాళ్ళు వణికాయి. పళ్ళెం అంచు నేలమీద టకటకలాడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

జతి రాలేదు. మెల్లగా, మామూలు తాళమే నడిచింది. ఒక ఆవర్తనం గడిచింది. ఇంకొకటి గడిచింది. వకుళ కళ్ళు తెరిచి చూసింది. రత్నం నొప్పితో పళ్ళు బిగబట్టి, చూపు మాత్రం వకుళ కాలివేళ్ళ మీదే నిలిపి కూర్చుంది. టకటక ఆగింది. అప్పుడు ఎత్తుకుంది జతి.

వకుళకు ఎడమవైపు తిరిగేటప్పుడు తొందరపడే గుణం ఒకటుంది. అది ఆమెకే తెలియదు. సరిగ్గా అక్కడికి రాగానే రత్నం తాళం కాస్త గట్టిగా కొట్టి ఆమెను పట్టి ఆపుతోంది. వకుళ ఏనాడూ అంత నిండుగా ఆడలేదు. జతి ముగిసేసరికి పరీక్షకుడు తనే చప్పట్లు కొట్టాడు.

వకుళ పళ్ళెం దిగింది. నమస్కారం పెట్టాల్సిన చోట పెట్టలేదు. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"అయ్యా, రత్నం కాలు జారలేదు. ఆమె నిలదొక్కుకోకముందే నేను జతి ఎత్తాను. ఆమె ఎలా నిలబడుతుందో నాకు తెలియదు. నేనెప్పుడూ చూడలేదు."

పరీక్షకుడు ముందున్న మార్కుల కాగితం మీద ఏదో కొట్టేసి మళ్ళీ రాశాడు. భ్రమరాంబ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కాలు బాగయ్యాక నూకరత్నం మళ్ళీ ఆడుతుంది, నేను మళ్ళీ వస్తాను," అన్నాడాయన చివరికి. "నీ నాట్యానికి నిండుగా మార్కులు వేస్తానమ్మా. నట్టువాంగానికి వేయలేను. ఆ పరీక్ష నువ్వు వచ్చే ఏడాది రాయక తప్పదు."

బయట వరండాలో రత్నం కాలికి తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంది. వకుళ పక్కన కూలబడింది.

"నా మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాదేటి? వచ్చింది."

"మరి ఎందుకు ఆగావు?"

"నీ కాళ్ళు వణుకుతున్నాయి కదేటి. వణికే కాళ్ళ మీద జతి ఎలాగెత్తీది?"

నెల తిరక్కుండా రత్నం మళ్ళీ పళ్ళెం ఎక్కింది, దిగింది, మొదట నిలిచి ఆ ఉద్యోగంలో చేరింది. వకుళ తండ్రి మాట మీద నిలబడే మనిషి, షరతు సడలించలేదు. ఆమె పొద్దున్న బ్యాంకు పరీక్షల పుస్తకాలు ముందేసుకునేది. సాయంత్రం మాత్రం నట్టువాంగం పరీక్ష పేరు చెప్పి నాట్యం హాలుకు వచ్చేది. అద్దం వైపు వీపు పెట్టి, రత్నం నేర్పుతున్న కొత్త పిల్లల ఎదురుగా నేలమీద కూర్చునేది.

"మీకు ఇవన్నీ వచ్చు కదక్కా, ఇంకా ఏం చూస్తారు?" అని ఒక రోజు ఒక పిల్ల అడిగింది.

"నాకు వచ్చు. నీకు ఎలా వచ్చో చూస్తున్నాను," అంది వకుళ, తాళాలు చేతిలోకి తీసుకుంటూ. "తొందర లేదు. నువ్వు నిలదొక్కుకో, అప్పుడు ఎత్తుకుంటాను."

నీతి: ఎదుటివారి అడుగు చూడనివారి విద్య ఎంత గొప్పదైనా, అది ఎప్పుడో ఒకనాడు ఎవరినో ఒకరిని పడదోస్తుంది.