సూరమ్మ రాసిన మూడు జాబులు

అనగనగా అంటున్నాను, పిల్లలూ, కాస్త ముందుకు జరగండి. స్వామి దయవల్ల వానలు తప్పని రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు వేణుకోన.

అక్కడి రాజు కోట ముందు పెద్ద పందిరి వేయించాడు. పని చేయించుకోదలచినవాళ్ళు అదేమిటో తాటాకు మీద రాసి అక్కడ వేలాడదీయాలి. ఆ పని తెలిసినవాళ్ళు ఎంత దూరాన ఉన్నా జాబు రాసి పంపవచ్చు. జాబులు మోసేవి మాటలు నేర్చిన చిలకలు. ఎవరి ముఖం ఎవరూ చూడరు. పని నచ్చితే, పందిట్లోని పలక మీద చేసినవారి పేరు కింద ఒక పువ్వు గీస్తారు. మూడు పున్నములు గడిచినా ఒక్క పువ్వూ రాకపోతే పేరు చెరిపేస్తారు.

కొండ దిగువన సూరమ్మ అనే మేదర పిల్ల ఉండేది. వెదురుబద్ద ఆమె చేతిలో మైనంలా వంగేది. అయితేనేం, ఊళ్ళో బుట్టలు కొనేవాళ్ళు లేరు. పందిట్లో పని దొరక్కపోతే సున్నపు బట్టీకి కూలికి పోవాలి. బట్టీలో వేళ్ళు పొక్కిపోతే ఇక అల్లిక లేదు. అదీ ఆమె దిగులు.

మొదటి పున్నమికి ముందు సూరమ్మ పలక మీద పేరు రాయించుకుని, ఇలా జాబు రాసింది: "బుట్టలు అల్లుతాను. గోడలు కడతాను. గుర్రాలకు నాడాలు కొడతాను." అదే జాబు పదిచోట్లకు పంపింది.

నాలుగో నాడు చిలక వచ్చి వాలింది. "పదమ్మా, సేనాపతిగారి గుర్రం ఎదురుచూస్తోంది. కాస్త కోపిష్ఠిది. నిన్ననే ఒకణ్ణి తన్నింది."

"నాకు నాడాలు కొట్టడం రాదే."

"మరి రాశావుగా?"

"ఏదో ఒక పని దొరుకుతుందని రాశాను."

"దొరికిందిగా, రా" అంది చిలక. సూరమ్మ తల దించుకుని, మన్నించమని రాసి పంపింది.

రెండో పున్నమి దగ్గరపడింది. కుమ్మరి గవరయ్య పేరు కింద ముప్పై పువ్వులున్నాయి. సూరమ్మ ఆయన జాబు సంపాదించి, కుండ అన్నచోటల్లా బుట్ట అని మార్చి ఒక అత్తరు వర్తకుడికి పంపింది. చిలక నవ్వుకుంటూ తిరిగొచ్చింది.

"'నా బుట్టను వేలితో కొడితే గంటలా మోగుతుంది, నీళ్ళు పోస్తే చల్లబడతాయి' అని రాశావట. అత్తరు వర్తకుడు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాడమ్మా."

"పని ఇచ్చాడా?"

"ముందు నీళ్ళు పోసి చూపించమన్నాడు."

మూడో పున్నమికి ఇంకా పది రోజులున్నాయి. సూరమ్మ దీపం పెట్టి దండం పెట్టుకుంది. "స్వామీ, ఈ విద్య నువ్విచ్చిందే. దీన్ని ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం కూడా ఇవ్వు" అంది. ఆపైన చిలకను కూర్చోబెట్టి పందిట్లోని తాటాకుల్లో ఉన్నవన్నీ నిదానంగా చెప్పించుకుంది. తమలపాకుల వర్తకుడు కామయ్య శెట్టి నలభై బుట్టలు అడుగుతున్నాడు. పోయినసారి సరుకు దారిలోనే పాడైందట.

సూరమ్మ రాసింది: "శెట్టిగారూ, నాకు బుట్టలు అల్లడం ఒక్కటే వచ్చు. మీ సరుకు బండిలో పోతుందా, పడవలోనా? బండికైతే గాలాడే అల్లిక మేలు. పడవకైతే ఉప్పుగాలి చొరనీయని బిగువు కావాలి. రెండూ అరచేతంత అల్లి పంపుతున్నాను, చూడండి."

"నన్ను జాబులకు పెట్టుకున్నారు, బుట్టలకు కాదు" అని గొణిగింది చిలక. గొణుగుతూనే మోసింది.

మర్నాడు శెట్టి జవాబు వచ్చింది. "పడవలోనే తల్లీ. ఇన్ని జాబులొచ్చాయి, ఈ మాట అడిగింది నువ్వొక్కదానివే. మూడు రోజుల్లో నలభై ఇవ్వగలవా?"

"ఊఁ అనేయమ్మా, పున్నమి వచ్చేస్తోంది" అంది చిలక.

సూరమ్మ కాసేపు వేళ్ళు చూసుకుంది. "పన్నెండు ఇవ్వగలనని చెప్పు. నలభై అంటే బిగువు పోతుంది. ఆయన సరుకూ పోతుంది."

శెట్టి పన్నెండే అల్లమన్నాడు. మిగతావి వేరేచోట తెప్పించుకున్నాడు. పడవ బయలుదేరింది. సూరమ్మ రోజులు లెక్కపెట్టుకుంది.

పున్నమినాటి ఉదయం చిలక వచ్చింది. "రేవులో బుట్టలు విప్పారమ్మా. నీ పన్నెండింట్లో ఒక్క తమలపాకూ వడలలేదు. పలక మీద నీ పువ్వు నా ఎదురుగానే గీశారు. వేరేచోట తెప్పించిన ఇరవై ఎనిమిదింటి బదులు కూడా, నీ తీరిక చూసుకుని నిన్నే అల్లి పంపమన్నారు శెట్టిగారు."

కాబట్టి పిల్లలూ, కొత్తచోట పని అడిగేటప్పుడు ఎదుటివారి అవసరం పూర్తిగా వినండి, మీకు వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి. అలా దొరికిన మొదటి పని చిన్నదైనా, రెండో పనిని అదే తీసుకొస్తుంది.