నూలు షావుకారు ఎంచిన మనిషి

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు పోతురాజు మాస్టారు. చెప్పిన రోజుల్లో మేము బాగానే ఉండేవాళ్ళం, తరవాత మాటలు పోయాయి. ఎందుకు పోయాయో ఆయనకు తెలుసు. అయినా విన్నది విన్నట్టు చెప్పడంలో మాత్రం ఆయనకు వంక పెట్టలేను.

బుచ్చిలింగం గురువుగారికి ఒక అలవాటు ఉండేది. తన బతుకులో జరిగినదాన్ని ఎవరో పరాయివాడికి జరిగినట్టు చెప్పేవారు. అది ఎవరి కథో శిష్యులకు తెలుసు. వాళ్ళకు తెలుసునని ఆయనకూ తెలుసు. పైకి ఎవరూ అనరు. మఠంలో కూర్చోకముందు ఆయన నూలు వ్యాపారం చేశారనీ, జిల్లా బోర్డులో మెంబరుగా ఉన్నారనీ, తన పేరు తప్ప మరో అక్షరం చదవడం గాని రాయడం గాని రాదనీ ఆపాటికి ఊరంతా ఎరిగినదే.

ఆ యేడు జిల్లా బడులన్నిటికీ కొత్త అధికారిని ఎంచే కమిటీలో మాస్టారిని వేశారు. మర్నాడే ఇంటర్వ్యూలు. మాస్టారు మధ్యాహ్నం మఠానికి వచ్చి, దణ్ణం పెట్టి అడిగాడు: "అయ్యా, రెండువేల మంది పంతుళ్ళ మీద కూర్చోబోయే మనిషి. ఏం చూసి ఎంచమంటారు? చదువునా, నడతనా?"

గురువుగారు తమలపాకు ఈనె తీశారు. తరవాత, "ఒక నూలు షావుకారు ఉండేవాడు," అని మొదలుపెట్టారు.

ఆ షావుకారు మహా ఖచ్చితమైన మనిషి. కళ్ళు మూసుకుని చిలప అనే నూలు చుట్టను తడిమి అది ఎన్నో నంబరు నూలో చెప్పేవాడు. ఒక్క ముడి తగిలిందా, కట్టకు కట్టా తిప్పి కొట్టేవాడు. నూలు బజారులో ఒక మర్యాద ఉంది. అమ్మేవాడు కట్ట మీద కట్ట విప్పుకుంటూ పోతాడు. కొనేవాడు నచ్చినదాని మీద చెయ్యి వేసి "చాలు" అంటాడు. ఇది నాది, ఇక మరోటి విప్పకు అని దానర్థం. ఆ మాట పడ్డాక బేరం వెనక్కి పోదు. మీసాలు రాకముందు నుంచీ షావుకారు ఆ మాటను అలాగే వాడాడు, అలాగే విన్నాడు.

బడులకు స్థలాలిచ్చాడని అతన్ని జిల్లా బోర్డులో మెంబరు చేశారు. పాత అధికారి దిగిపోయాక కొత్తవాణ్ణి ఎంచడానికి ప్రెసిడెంటూ, షావుకారూ, ఇంకో ముగ్గురూ కూర్చున్నారు. వచ్చినవాళ్ళు నలుగురు. అందర్నీ ఒకటే ప్రశ్న అడగాలని షావుకారు ఇంటి దగ్గరే నిశ్చయించుకున్నాడు. మొదటివాడు చాలాసేపు ఇంగ్లీషు మాట్లాడాడు. అయ్యాక షావుకారు, "మీ చేతికింద ఉన్నవాటిలో అన్నిటికంటే అధ్వాన్నమైన బడి ఏది?" అన్నాడు. అతను నవ్వి, "నా చేతికింద అలాంటివి ఉండవండి," అన్నాడు.

రెండోవాడు యేసుపాదం. మాలపల్లెలో మిషను బడిలో మొదలుపెట్టి బి.ఏ. దాకా చదివినవాడు. ఒక బడిలో పాఠం చెబుతూ మరో ఆరు బడులు తనిఖీ చేస్తున్నాడు. మొదటివాణ్ణి కుర్చీలో కూర్చోమన్న ప్రెసిడెంటు ఇతన్ని కూర్చోమనలేదు. షావుకారు అదే ప్రశ్న వేశాడు.

"నేను చెప్పే బడేనండి," అన్నాడు యేసుపాదం. "మూడో తరగతిలో పదకొండు మందికి ఇంకా ఒత్తులు రావు. తిరుగుడులో పడి వాళ్ళను వెనకబెట్టాను. తప్పు నాదే."

"పదకొండని లెక్క చెప్పడం తేలికే. పేర్లు చెప్పగలవా?"

అతను పదకొండు పేర్లూ చెప్పాడు. ఏ పిల్లకు ఏ ఒత్తు దగ్గర నాలుక తిరగదో అదీ చెప్పాడు.

 నా చిలపలో ముడి ఇదిగో ఇక్కడుంది అని చూపించి అమ్మినవాణ్ణి షావుకారు బజారులో అంతవరకు చూడలేదు. బల్ల మీద చెయ్యి వేసి, "చాలు," అన్నాడు.

యేసుపాదం ముఖం వాడిపోయింది. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ప్రెసిడెంటు కుర్చీలో వెనక్కి వాలి, "మనం ఎలా అనాలా అనుకుంటున్నాం, షావుకారుగారే అనేశారు," అన్నాడు. తక్కినవాళ్ళు నవ్వారు. షావుకారు కూడా నవ్వాడు. అందరి మనసూ తన మనసే అనుకున్నాడు.

మరి ఇంకో ఇద్దర్ని పిలవడం దేనికో అతనికి అర్థం కాలేదు. దూరం నుంచి వచ్చినవాళ్ళను చూడకుండా పంపడం బాగుండదేమో అని సరిపెట్టుకున్నాడు. వాళ్ళను తన ప్రశ్న కూడా అడగలేదు. ఆఖరున గుమాస్తా తీర్మానాల పుస్తకం తెచ్చి, "చదివి వినిపించమంటారా అండీ?" అని మెల్లగా అడిగాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. "నాకొకరు చదివి పెట్టక్కర్లేదు," అని షావుకారు కలం అందుకుని తనకొచ్చిన నాలుగక్షరాలూ దిద్దాడు.

వారం తిరిగాక తెలిసింది, పదవి నాలుగోవాడికి వెళ్ళిందని. షావుకారు నేరుగా ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళాడు.

"ఇదెక్కడి న్యాయమండీ? నేను ఎంచింది యేసుపాదాన్ని."

"భలేవారే. 'షావుకారుగారు చాలనినందున రెండవ అభ్యర్థిని పంపివేయడమైనది' అని రాసి ఉంది. కింద మీ చేవ్రాలు. చూసే కదా పెట్టారు?"

షావుకారు గుమ్మం దిగి వచ్చేశాడు. తన 'చాలు'కు అర్థం ఏమిటో తరవాతి మీటింగులో చెబుదామని వెళ్ళాడు, లేచి నిలబడ్డాడు కూడా. ఆ మాట చెబితే దాని వెనక ఇంకో మాట చెప్పాలి. చదువుల కమిటీలో కూర్చున్నవాడికి చదవడం రాదని తన నోటితో తానే ఒప్పుకోవాలి. "తూర్పు వీధి బడికి పెంకులు మార్చాలి," అని చెప్పి కూర్చున్నాడు. ఇంటికొచ్చి మెంబరు పదవికి రాజీనామా పంపాడు. ప్రెసిడెంటుతో ఆయన పాడె లేచేదాకా మాట్లాడలేదు. ఆ పంతాన్ని ఇన్నేళ్ళూ ధర్మం అనుకున్నాడు.

కొత్త అధికారి కింద బడులన్నీ కాగితం మీద బాగుపడ్డాయి. ఒత్తులు రాని పిల్లలు ఏ బడిలోనూ లేరని యేటేటా రాసి పంపేవారు.

చాలా కాలానికి బస్టాండులో యేసుపాదం ఎదురుపడ్డాడు. తల నెరిసింది. అతనే గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు.

"అయ్యగారూ, ఆ రోజు మీరు ఒక్క ప్రశ్నతో నన్ను తేల్చేశారు. కోపం లేదండి, బుద్ధొచ్చింది. మా అమ్మాయి పంతులమ్మ ఉద్యోగానికి వెళ్తుంటే చెప్పాను, నలుగురిలో అడిగితే మన లోపం మనం చెప్పుకోకూడదమ్మా అని."

షావుకారు అసలు సంగతి చెప్పబోయాడు. బస్సు హారను కొట్టింది. "బాగున్నావా?" అన్నాడు. "మీ దయ," అని యేసుపాదం బస్సెక్కాడు.

గురువుగారు అక్కడికి ఆపారు. మాస్టారు చాప అంచు సవరిస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు: "ఆ షావుకారు ఇప్పుడైనా వెళ్ళి చెప్పకూడదా అయ్యా?"

"ఎవరికి చెబుతాడు? యేసుపాదం పోయి రెండేళ్ళయింది. ఆ అమ్మాయి ఇంకా ఏదో బడిలో చెబుతోందట." ఆయన తుంచిన ఈనెలు ఒకచోటికి చేర్చారు. "రేపు నువ్వు ఎవర్ని ఎంచుతావో నీ ఇష్టం మాస్టారూ. ముందు జిల్లా బోర్డు ఆఫీసులో పాత తీర్మానాల పుస్తకం తీయించు. ఆ వాక్యం కొట్టేయకు, ఉండనీ. పక్కన రాయించు, ఆ పూట షావుకారు ఎంచింది అతన్నేనని. రాశాక ఆ అమ్మాయిని పిలిచి చూపించు."