పట్టుతెర వెనక పాఠం

ఒకానొక రాజ్యంలో రాజుగారి కంటే ఎక్కువ మర్యాద పొందిన తెర ఒకటి ఉండేది.

ఆ రాజు ప్రతాపసేనుడు. వైద్యవిద్య అన్ని కులాలకీ, ఆడామగా అందరికీ అని ఊరూరా దండోరా వేయించి మురిసిపోయాడు. ఆస్థాన వైద్యుడు విరూపాక్ష భట్టు ఎదురు చెప్పలేదు. కాకపోతే, పదిరకాల జనం చూపు సోకితే శాస్త్రం మైలపడుతుందని పట్టుతెర కట్టించుకుని, దాని వెనక కూర్చుని ఏ పాఠమైనా ఒక్కసారే చెప్పేవాడు.

ఎముకలు కట్టే నాంచారికి చిన్నప్పుడు తట్టు పోసి చెవులు పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకునేది. దండోరా వాడి పెదాలు చూసి పరిగెత్తుకొచ్చింది. మూడేళ్ల కిందట ఒక్కగానొక్క కూతురు పురిటి జ్వరంతో ఆమె చేతుల్లోనే పోయింది. విరిగిన ఎముకైతే కట్టేదే. జ్వరానికేం చెయ్యాలో తెలీలేదు. ఇంకొకరి పిల్లయినా దక్కాలని ఆమె ఆశ.

“తెర కాస్త జరిపితే మీ నోరు చూసి నేర్చుకుంటానయ్యా,” అంది.

భట్టు బయటికొచ్చాడు. “తలుపు తీసే ఉంచాంగా! చెవులు కూడా మేమే ఇవ్వాలా?”

శిష్యులు నవ్వారు. నవ్వు తెలియడానికి చెవులక్కర్లేదు.

రాజుతో మొరపెట్టుకుంది. “శాస్త్రం కోసం మనం మారాలి గానీ, నీ కోసం శాస్త్రం మారుతుందటే?” అని మీసం దువ్వాడు రాజు.

నెల తిరక్కుండానే ఆ రాజు ఏనుగు దిగబోయి పడ్డాడు. భుజం కీలు తప్పింది. భట్టు ఎముకల మీద ఎనభై శ్లోకాలు చదివాడు గానీ, ఎంత చిత్రమో చూడండి, ఒక్క భుజమైనా ముట్టుకుని ఎరగడు! చివరికి నాంచారిని పిలిపించారు.

ఆమె ముందు పట్టుతెర తెప్పించి కట్టించింది. వెనక కూర్చుని, “మోచెయ్యి వంచండి, బయటికి తిప్పండి, పైకెత్తండి. ఒక్కసారే చెబుతాను ప్రభూ. అయిపోయింది,” అంది.

“ఎటు తిప్పనే? ప్రాణం పోతోంది!”

తెర వెనక నాంచారి వక్క నములుతోంది.

మంత్రి తెర చుట్టూ తిరిగొచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. “రాజుగారు అరుస్తున్నారమ్మా!”

“మీరిలా తెర ఇవతలికి రాకూడదు బాబూ. శాస్త్రం మైలపడిపోతుంది.”

అవతల రాజు మంచిగా ఉన్న చేత్తో తెర పట్టి లాగాడు. కర్రతో సహా ఊడిపడింది.

“ఇప్పుడు వినబడుతోంది ప్రభూ, చెప్పండి,” అంది నాంచారి. చెప్పేలోపే చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజింది. కీలు టక్కున కూర్చుంది.

రాజు కెవ్వుమన్నాడు. చెయ్యి ఆడించి చూసుకున్నాడు. కిందపడ్డ తెరనీ, తల దించుకున్న భట్టునీ చూసి, నొప్పితోనే పకపకా నవ్వాడు. “కోరుకో!”

“ఆ తెర మళ్లీ కట్టించకండి. అర్థం కాలేదన్నవాళ్లకి రెండోసారి చెప్పించండి.”

రాజు సరేనని, మెడలోని హారం కూడా తీసిచ్చాడు. కట్లకి పనికొస్తుందని నాంచారి ఆ తెరని చించి పట్టుకుపోయింది.

మర్నాడు ముందువరసలో కూర్చుంది. రెండోరోజే పురిటి జ్వరం పాఠం. రెండు వేర్లు, ఒక ఆకు. అంతే. మూడూ ఆమె పెరట్లో ఎప్పటినుంచో ఉన్నవే.

“ఇంకోసారి చెప్పండయ్యా,” అంది నాంచారి.

భట్టు చెప్పాడు. ఆమెకి మొదటిసారే అర్థమైంది.