ఊపు ఎవరిది?

ఎర్రరంగు మళ్లీ వెలిసిపోయింది.

నఫీసా పరిశోధనంతా ఆ రంగు మీదే. గాజుపలక మీద పల్చగా పూసి దీపం కింద పెడితే పూట తిరక్కుండా వెలిసిపోయే రంగు అది. అదే పూతను వెలుగుని వెనక్కి కొట్టే రెండు సన్నటి అద్దాల మధ్య ఇరికిస్తే వెలవకుండా నిలబడింది. అదీ ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారికే ఆమె ఊరంతా చెప్పుకుంది, మిఠాయి కూడా పంచింది. తరవాత ఎన్ని పలకలు చేసినా రంగు నిలవలేదు. సోమవారం పరిశీలకుల ముందు మళ్లీ చేసి చూపించాలి. లేకపోతే మూడేళ్ల పని మూలన పడ్డట్టే.

భయం పట్టుకుని గైడు అప్పలస్వామి మాస్టారి ఇంటికి పరిగెత్తింది. ఆయన వరండాలో పీట వేసుకుని ఉల్లిపాయలు ఏరుతున్నారు.

“అద్దాలు నాసిరకం మాస్టారూ. ఇంకా మెరిసేవి తెప్పిద్దాం. దీపం కూడా పెద్దది కావాలి,” అంది. “అసలు రంగుని కాపాడింది అద్దాలా, వాటి మధ్య చిక్కుకున్న వెలుగా? పరిశీలకులు అదే అడుగుతారు. ఏమని చెప్పను?”

మాస్టారు బట్టలారేసే తాడుని కాస్త వదులు చేసి, ఒక ఉల్లిపాయని పొడుగు దారంతో, ఇంకోదాన్ని పొట్టి దారంతో దానికి వేలాడగట్టారు.

“పొడుగుదాన్ని ఊపు. రెండోది ఊగాలి. దాన్ని ముట్టుకోకూడదు.”

నఫీసా ఊపింది. రెండోది కాస్త వణికి ఊరుకుంది. గట్టిగా ఊపింది. అయినా అంతే.

“ఇది మరీ చిన్నది మాస్టారూ. పెద్దది కడతాను.”

“కట్టు.”

బుట్టంతా వెతికి అన్నిటికన్నా పెద్దది కట్టింది. అదీ ఊగలేదు. నఫీసాకి ఒళ్లు మండింది. సోమవారం నెత్తి మీదుంటే ఈయనకి ఆటలా!

మాస్టారు దగ్గరికొచ్చి, ఆ పొట్టి దారం విప్పి, రెండూ ఒకే పొడుగు ఉండేట్టు కట్టారు. చిటికెనవేలితో ఒకదాన్ని నెట్టి, వెళ్లి పీట మీద కూర్చున్నారు.

మొదటిది ఊగుతూ ఊగుతూ నెమ్మదించింది. రెండోది ఊపందుకుంది. ఇది పూర్తిగా ఆగేసరికి అది జోరుగా ఊగుతోంది. కాసేపటికి అది ఆగింది, ఇది మొదలెట్టింది.

“ఆ ఊపు ఎవరిది?” అన్నారు మాస్టారు, తలెత్తకుండా.

నఫీసా దగ్గరికెళ్లి రెండు దారాల పొడుగూ పోల్చి చూసింది.

“దారం పొడుగులాగే, అద్దాల మధ్య ఎడాన్ని బట్టే అక్కడ చిక్కుకున్న వెలుగు ఊపు ఉంటుంది. ఆ ఎడం రంగుకి సరిపోయిందో లేదో నేను ఎప్పుడూ కొలవలేదు మాస్టారూ,” అంది. “మొదటిసారి గాలివాటుగా కుదిరినట్టుంది.”

“వెళ్లి కొలువు.”

గేటు దాకా వెళ్లి ఆగింది. “మరి కాపాడింది ఎవరని చెప్పను?”

“ముందు కుదరనీ. అప్పటికీ ఆ అనుమానం ఉంటే వచ్చి అడుగు.”

సోమవారం సాయంత్రం నఫీసా వచ్చింది. పరిశీలకుల ముందు కూడా వెలవని పలకని మాస్టారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూశారు.

“అడగాల్సింది ఏమైనా ఉందా?”

తాడుకి ఇంకా వేలాడుతున్న ఒక ఉల్లిపాయని వేలితో నెట్టి, ఆ ఊపు రెండోదానికి దాటి మళ్లీ వెనక్కి వచ్చేదాకా చూసి, నఫీసా లేదన్నట్టు తల ఊపింది.